రంగు క్యాప్సికంలో పై ముడత, కింది ముడత రెండూ ఉన్నయి, మూడు మందులు మార్చినా తగ్గుతలేదు (పాలీహౌస్, 20 గుంటలు)

చేవెళ్ల_20గుంటలు

అన్నలకు నమస్తే. చేవెళ్ల దిక్కు 20 గుంటల పాలీహౌస్. ఫ్యాన్లు, ప్యాడ్లు లేవు. పక్కలకు కర్టెన్లు, పైన గాలి వెంటు. ఎరుపు, పసుపు రంగు క్యాప్సికం, నాటి 70 రోజులు. మొక్కకు రెండు కొమ్మలు, నడుమెత్తు వచ్చినయి. సిల్వర్-బ్లాక్ మల్చింగ్ షీటు, డ్రిప్. నెట్టు 40 మెష్. తలుపు ఒక్కటే, తీస్తే నేరుగా లోపలికే.

మూడు వారాల నుంచి చిగుర్లు ముడుచుకుంటున్నయి. తలుపు దిక్కు సాళ్లల్ల ఆకు పైకి ముడుస్తుంది, నడిమి సాళ్లల్ల కిందికి. కొన్ని కాయల మీద గోధుమ రంగు పెచ్చు. పూత రాలుతుంది. పువ్వు దులిపితే సన్నటి నల్ల పురుగులు పడుతున్నయి.

ఇప్పటిదాకా కొట్టినవి: మొదటి వారం ఇమిడాక్లోప్రిడ్. రెండో వారం ఎసిటామిప్రిడ్, దాంట్లనే లామ్డా సైహలోత్రిన్. మూడో వారం థయామిథాక్సామ్. ప్రతిసారి 200 లీటర్ల డ్రమ్ము నిండా. మూడు రోజులు తగ్గినట్టు ఉంటది, మళ్లీ మొదలు. ఇంకో వారంల కోత మొదలైతది. ఏ మందు కొట్టాలె, ఎన్ని రోజులకోసారి? నెట్టు మార్చాల్నా? జర వివరంగా చెప్పండి.

ముడతచూపు

తమ్ముడూ, మీ పందిట్లో రెండు వేర్వేరు శత్రువులు ఉన్నాయి. మీరు కొట్టిన మూడు మందులూ ఒకదానికి అరకొరగా పనిచేస్తాయి, రెండోదానికి అసలు పనిచేయవు. కొత్త మందు కొనకముందు 10 రెట్ల భూతద్దం ఒకటి కొనండి.

పై ముడత తామర పురుగుది. ఆకు అంచులు పైకి లేచి పడవలా అవుతుంది. ఆకు అడుగున వెండి రంగు గీకుడు మచ్చలు, వాటి మధ్య నల్లటి చుక్కల్లా రెట్ట ఉంటాయి. కాయ మీద అయితే తొడిమ కింద, భుజం దగ్గర గీతలు పడతాయి.

కింది ముడత తెల్లనల్లిది. ఆకు తిరగబడిన పడవలా ఉంటుంది, సన్నబడి ముదురు ఆకుపచ్చగా బిరుసెక్కుతుంది, కాడ సాగుతుంది, అడుగు భాగం కంచు రంగులో మెరుస్తుంది. కాయ మీద గోధుమ పెచ్చు తొడిమ దగ్గరే ఆగకుండా ఒళ్లంతా పాకితే అది నల్లి పనే. నల్లి పొడవు 0.2 మిల్లీమీటర్లు, ఉత్త కంటికి ఆనదు. భూతద్దంతో లేత చిగురు ఆకు అడుగున చూడండి. గాజుపూసలా మెరిసే గుడ్డు మీద తెల్లటి చుక్కల వరుసలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

నల్లికి ఎనిమిది కాళ్లు, అది పురుగుల కోవలోది కాదు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్, థయామిథాక్సామ్ దాన్ని చంపవు. మీరు కలిపిన లామ్డా సైహలోత్రిన్ అయితే నల్లిని తినే మేలు చేసే నల్లుల్ని, ఇతర చిన్న మిత్ర పురుగుల్ని కూడా తుడిచిపెట్టింది. ఆ కోవ మందులు కొట్టాక నల్లి పెరగడం ఎప్పుడూ చూసేదే. నడిమి సాళ్లలో గాలి తక్కువ, తేమ, నీడ ఎక్కువ. తెల్లనల్లికి కావలసింది అదే. తెల్లదోమ కాళ్లు పట్టుకొని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు సవారీ కూడా చేస్తుంది, కాబట్టి తెల్లదోమ ఉందేమో కూడా చూడండి.

పూలలో నల్లగా పడేవి నల్ల తామర పురుగులు అయ్యుండాలి. శాస్త్రీయంగా త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయి మీద మొదట నమోదైంది. 2021–22లో ఖమ్మం, వరంగల్, గుంటూరు మిరపను ఊడ్చేసింది ఇదే. ఆడవి నలుపు, మగవి పసుపు. మామూలు తామర పురుగు ఆకును పట్టుకుంటే, ఇది పూలలో దూరి కూర్చుంటుంది. మీ పూత రాలుడుకు కారణం చాలావరకు ఇదే. పగటి ఎండ 35 దాటుతుంటే కొంత దాని వంతు కూడా ఉంటుంది.

లెక్క ఇలా తీయండి. తలుపు దగ్గర, నాలుగు మూలల్లో, నడుమ, మొత్తం 20 మొక్కలు. ఒక్కోదానికి ఒక చిగురు, ఒక నడిమి ఆకు, రెండు పువ్వులు. పువ్వును తెల్ల కాగితం మీద మూడుసార్లు తట్టి లెక్కపెట్టి, సాలు నంబరుతో రాసుకోండి. వారానికోసారి, అదే రోజు, పొద్దున 10 లోపు. ఈ లెక్క లేకుండా మందు పనిచేసిందో లేదో తెలియదు. ముడిచిన పాత ఆకు ఏ మందు కొట్టినా సాపు కాదు. నల్లి చచ్చాక కూడా ముందే దెబ్బతిన్న చిగురు వంకరగానే విచ్చుకుంటుంది. 10–12 రోజుల తర్వాత వచ్చే కొత్త ఆకు సాఫీగా ఉందా లేదా అన్నదే చూడాలి. చాలామంది ఇక్కడే తొందరపడి మందు మీద మందు కొడతారు.

గ్రూపు_నంబరు

పై జవాబుకు కొనసాగింపు. మీరు మూడు మందులు మార్చాననుకుంటున్నారు, నిజానికి ఒక్కటే మూడుసార్లు కొట్టారు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్, థయామిథాక్సామ్ మూడూ 4ఎ గ్రూపు (మందు పురుగులో ఎక్కడ పనిచేస్తుందో దాన్ని బట్టి ఇచ్చే నంబరు). పురుగు నరాల మీద ఒకేచోట పనిచేస్తాయి. ఒకదానికి తట్టుకున్నది మిగతా రెండిటికీ చాలావరకు తట్టుకుంటుంది. కంపెనీ పేరు, డబ్బా రంగు చూసి మార్చడం మార్చడం కాదు. స్పైనోసాడ్ తర్వాత స్పైనెటోరామ్ కొట్టేవాళ్లదీ ఇదే పొరపాటు, రెండూ గ్రూపు 5.

ఎన్ని రోజులకోసారి అన్నది పురుగు బతుకును బట్టి. తామర పురుగు గుడ్డు ఆకు కండలో గుచ్చి పెడుతుంది, దానికి మందు తగలదు. పిల్ల పురుగులు, పెద్దవి మొక్క మీద ఉంటాయి, వాటికి తగులుతుంది. కోశస్థ దశకు (ప్యూపా) కింద రాలి మట్టిలో, ఎండుటాకుల్లో దాక్కుంటుంది, మళ్లీ తగలదు. 28–30 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా సుమారు రెండు వారాలు. మీరు కొట్టిన రోజు గుడ్డులోనూ మట్టిలోనూ ఉన్నవి మూడు నాలుగు రోజుల్లో బయటికొస్తాయి. "మూడు రోజులు తగ్గి మళ్లీ మొదలు" అన్నది అందుకే. కాబట్టి ఒకే గ్రూపు మందు 5–6 రోజుల తేడాతో రెండుసార్లు, అంటే ఒక తరం మొత్తానికి ఒక గ్రూపు. తర్వాతి తరానికి వేరే గ్రూపు.

నీళ్ల సంగతి. 20 గుంటలంటే హెక్టారులో అయిదో వంతు. లేబుల్ మీద మిరపకు హెక్టారుకు ఇంత అని, 500 లీటర్ల నీళ్లు అని ఉంటుంది. మీ వంతు 100 లీటర్లు. నడుమెత్తు మొక్కకు సన్న నాజిల్ ఉంటే అదే సరిపోతుంది. 200 లీటర్లు పోస్తే సగం మల్చింగ్ షీటు మీదే కారిపోతుంది. లీటరు లెక్కన మందు పోసి ఉంటే మోతాదు కూడా రెట్టింపు అయినట్టే. ఆకు తడవాలి, కారకూడదు. గన్ను కింది నుంచి పైకి తిప్పాలి, ఎందుకంటే రెండు పురుగులూ ఆకు అడుగునా చిగురులోనే ఉంటాయి.

ఇక వరుస. మోతాదులు మిరప లేబుల్ ప్రకారం, 100 లీటర్లకు (ఎస్‌సీ, ఓడీ, ఈసీ అంటే మందు తయారీ రకం, ముందున్న అంకె మందు శాతం):

మొదటి రోజు సాయంత్రం, నల్లికి: స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్‌సీ 80 మి.లీ. గ్రూపు 23. గుడ్డు, పిల్ల మీద బాగా పనిచేస్తుంది, పెద్ద నల్లి మీద నిదానం. తెల్లదోమ పిల్లల మీద కూడా పనిచేస్తుంది. కోతకు 7 రోజుల గడువు, మీకు ఇంకా వారం ఉంది కాబట్టి ఇప్పుడే కొట్టాలి.

మూడో రోజు, తామర పురుగుకు: స్పైనోసాడ్ 45 ఎస్‌సీ 32 మి.లీ. మళ్లీ ఎనిమిది తొమ్మిదో రోజు అదే. గడువు 3 రోజులు. గన్ను పూల మీదికి తిప్పడం మరవొద్దు.

పదిహేనో రోజు దాటాక లెక్క తీసి, అవసరమైతేనే: సయాంట్రనిలిప్రోల్ 10.26 ఓడీ 120 మి.లీ. గ్రూపు 28. గడువు 3 రోజులు.

నల్లి ఇంకా ఉంటే రెండోసారి స్పైరోమెసిఫెన్ వద్దు. ఫెన్‌పైరాక్సిమేట్ 5 ఈసీ లాంటి వేరే గ్రూపు మందు తీసుకోండి, కోత గడువు లేబుల్ మీద చూసుకొని. ఫిప్రోనిల్ తామర పురుగు మీద పనిచేస్తుంది కానీ కోత మొదలయ్యాక నాలుగైదు రోజులకోసారి కాయ తెంపే పంటలో 7 రోజుల గడువు కుదరదు. పక్కన పెట్టండి. పంట మీద ఉన్నన్నాళ్లూ సింథటిక్ పైరిత్రాయిడ్ ఏదీ ముట్టుకోవద్దు.

నీళ్లలో కరిగే గంధకం 80 శాతం పొడి, లీటరుకు 3 గ్రాములు, చవకలో నల్లి మందు. కానీ మీ పందిట్లో 34–35 వేడిలో కొడితే చిగురు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా వద్దు. నవంబరు, డిసెంబరుల్లో అయితే వాడుకోవచ్చు.

సాయంత్రం 5 తర్వాత కొట్టండి, కొట్టినాక కర్టెన్లు తీసి ఉంచండి, తెల్లారేదాకా లోపలికి ఎవరూ పోవద్దు. మూసిన పందిట్లో ఆవిరి బయటికంటే ఎక్కువసేపు నిలుస్తుంది. మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా లేకుండా గన్ను పట్టుకోవద్దు.

రెండో_తలుపు

మందుల సంగతి పైన అయిపోయింది. నేను చెప్పేది అవి మళ్లీ ఎందుకొస్తున్నాయో.

పై ముడత తలుపు దిక్కే మొదలైందని మీరే రాశారు. ఒక్క తలుపు పాలీహౌస్ అంటే నెట్టుకు ఆరడుగుల చిల్లు ఉన్నట్టే. తలుపు బయట 6 అడుగుల పొడవున చిన్న గది కట్టి, అవతలి వైపు ఇంకో తలుపు పెట్టండి. ఒకటి పూర్తిగా మూశాకే రెండోది తీయాలి. రెండు తలుపులు ఎదురెదురుగా కాకుండా ఒకటి పక్క గోడకు పెడితే గాలి నేరుగా లోపలికి తోయదు. పసుపు, పూల రంగు చొక్కాలు వేసుకొని లోపలికి రావద్దు. నవ్వుకోకండి, తామర పురుగు, తెల్లదోమ, పేనుబంక బట్టల మీద ఎక్కి వస్తాయి. బయట మిరప చేలో తిరిగిన మనిషి అదే బట్టలతో పాలీహౌస్‌లో దిగడం కంటే, పొద్దున ముందు పాలీహౌస్ పని, తర్వాతే బయటి పని అన్న వరుస మేలు. లోపల కూడా బాగున్న సాళ్ల నుంచి మొదలుపెట్టి పురుగున్న సాళ్లతో ముగించాలి.

నెట్టు మార్చాలా అని అడిగారు. 40 మెష్ అంటే అంగుళానికి 40 పోగులు, పోగు మందం తీసేస్తే చిల్లు 0.4 మిల్లీమీటర్ల దరిదాపు. తామర పురుగును ఆపాలంటే 0.2 కంటే చిన్నది ఉండాలి. అంటే 40 మెష్ దానికి తెరిచిన గుమ్మం. తెల్లదోమను కూడా పూర్తిగా ఆపదు, 50 మెష్ అయితే చాలావరకు ఆపుతుంది. మరి అంతకంటే సన్న నెట్టు ఎందుకు వేయరంటే గాలి ఆడదు. ఫ్యాన్లు లేని పాలీహౌస్‌లో సన్న నెట్టు వేస్తే ఏప్రిల్లో లోపలి వేడికి పూత నిలవదు. ఈ పంట మీద నెట్టు జోలికి పోవద్దు. ఇప్పుడు చేయాల్సింది చిరుగులు వెతకడం: కర్టెను చుట్టే పైపు కింద, కాలువ దగ్గర, మూల స్తంభాల దగ్గర నెట్టు అంచు లేచిందా అని. పంట మారేటప్పుడు 50 మెష్ వేసి, వెంటు వెడల్పు పెంచండి. అప్పుడే పైన పరిచే 200 మైక్రాన్ల షీటును అతినీలలోహిత కాంతిని ఆపే రకం తీసుకుంటే తెల్లదోమ, తామర పురుగు లోపల దారి దొరక్క తక్కువ వస్తాయి.

అట్టలు: తామర పురుగుకు నీలం, తెల్లదోమ, పేనుబంక, ఆకు తొలుచు పురుగులకు పసుపు. మీ విస్తీర్ణానికి లెక్క చూడడానికి పది నీలం, పది పసుపు చాలు. వాటిలో నాలుగైదు తలుపు దగ్గరే ఉండాలి. చిగురుకు జానెడు ఎత్తులో కట్టండి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. చాలా పాలీహౌస్‌లలో అట్ట నాటిన రోజు ఎక్కడ కట్టారో అక్కడే, మొక్క మోకాలి దగ్గర వేలాడుతుంటుంది. కొన్న అట్టలు లేకపోతే నీలి ప్లాస్టిక్ షీటు మీద ఆముదమో గ్రీజో పూసినా పనిచేస్తుంది, దుమ్ము పట్టగానే తుడిచి మళ్లీ పూయాలి. అట్టలతోనే పురుగు పోతుందనుకోవద్దు. రెక్కలున్నవే పడతాయి, ఆకు మీది పిల్లలు పడవు.

బయట చుట్టూ కనీసం 10 అడుగులు వయ్యారిభామ లేకుండా చూడండి. దాని పూలు తామర పురుగుకు సత్రం. అయితే లోపల పూత ఉన్నప్పుడు బయటి కలుపు ఒక్కసారే కోసేస్తే పురుగంతా మీ నెట్టు మీదికే వస్తుంది. కొంచెం కొంచెంగా, గాలి పాలీహౌస్ వైపు వీచనప్పుడు తీయండి. దాని అవతల రెండు మూడు వరుసల జొన్న గానీ మొక్కజొన్న గానీ ఒత్తుగా వేస్తే గాలితో వచ్చేవి కొంత ఆగుతాయి. పాలీహౌస్ పక్కన బంతి, చామంతి మడి అందంగా ఉంటుంది కానీ వద్దు.

చేవెళ్ల_20గుంటలు

అందరికీ ధన్యవాదాలు. భూతద్దంతో చూసిన, నడిమి సాళ్లల్ల చుక్కల గుడ్లు ఉన్నయి. తలుపు దిక్కు పువ్వుకు నాలుగైదు నల్లయి పడుతున్నయి. మూడు అనుమానాలు. ముడిచిన చిగుర్లు తుంచేయొచ్చా? ఫాగర్లు (నీళ్లను మంచులా చిమ్మేవి) వేస్తే నల్లి తగ్గుతదని దుకాణంల చెప్పిన్రు, నిజమేనా? విదేశాల్ల మిత్ర పురుగులు వదులుతరు కదా, మనకు దొరుకుతయా?

ముడతచూపు

ఫాగరు మాట ఎర్రనల్లికి నిజం. అది పొడి వేడిని ఇష్టపడుతుంది, తేమ పెరిగితే తగ్గుతుంది. మీది తెల్లనల్లి, దానికి తేమే కావాలి. ఫాగరు వేస్తే మీరే మేత వేసినట్టు, పైగా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు. దుకాణంలో "నల్లి" అన్న ఒక్క మాట విని చెప్పారు. మీకు కావలసింది దీనికి రివర్సు: కింది ఆకులు, పక్క పిలకలు తీసి నడిమి సాళ్లకు గాలి ఆడనివ్వడం.

చిగుర్లు తుంచొచ్చు, తుంచాలి కూడా. అయితే స్పైరోమెసిఫెన్ కొట్టే రోజు పొద్దున. బాగా ముడిచిన చిగురు లోపలికి మందు పోదు, అందుకే దాన్ని తీసేసి మిగిలినదానికి మందు. తుంచినవి సాళ్ల మధ్య పడేయొద్దు, గట్టు మీద కుప్ప పోయొద్దు. పక్కనే సంచి పట్టుకొని అందులోనే వేసి, మూతి కట్టి, రెండు రోజులు ఎండలో పెట్టి తర్వాత పూడ్చండి. ఆ కత్తెరతో, ఆ చేత్తో బాగున్న సాలులోకి పోవద్దు.

ఇంకో మాట. చిగురు నల్లబడి ఎండడం, కాయ మీద వలయాల్లాంటి మచ్చలు కనిపిస్తే అది తామర పురుగు మోసుకొచ్చే వైరస్ అయ్యుండొచ్చు. పురుగు పిల్ల దశలో జబ్బు మొక్కను తింటేనే ఆ వైరస్‌ను తీసుకుంటుంది, పెద్దయ్యాక బతికినన్నాళ్లూ అంటిస్తుంది. అలాంటి మొక్క ఒక్కటి ఉన్నా, దాని మీద పిల్లలు పెరిగితే లోపలే తయారీ మొదలైనట్టు. తుంచడం కాదు, మొక్క మొత్తం సంచి తొడిగి పీకేయండి.

గ్రూపు_నంబరు

మిత్ర పురుగుల సంగతి. స్పెయిన్‌లోని అల్మేరియా క్యాప్సికం పాలీహౌస్‌లు దీనికి పెద్ద ఉదాహరణ. 2006 చివర్లో అక్కడి మిర్చిలో వాడకూడని మందు అవశేషాలు జర్మనీలో బయటపడ్డాయి. ఆ తర్వాత రెండేళ్లలో అక్కడి రైతులు పెద్ద ఎత్తున అంబ్లిసియస్ స్విర్‌స్కీ అనే మేలు నల్లిని, ఓరియస్ అనే చిన్న మిత్ర పురుగును వదిలే పద్ధతికి మారారు. మొదటిది తామర పిల్లల్ని, తెల్లదోమ గుడ్లను తింటుంది, రెండోది పెద్ద తామర పురుగుల్ని కూడా. క్యాప్సికంలో అది కుదరడానికి ఒక కారణం పుప్పొడి: పురుగు లేనప్పుడు అవి పుప్పొడి తిని బతుకుతాయి. ఇలాంటి ప్రాణులను బయటి దేశం నుంచి తెప్పించుకోవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డరు ప్రకారం అనుమతి కావాలి, ఎవరైనా సీసాలో తెచ్చి ఇస్తామంటే తీసుకోవద్దు. పైగా లామ్డా సైహలోత్రిన్ కొట్టిన పందిట్లో దాని అవశేషం వారాల తరబడి మిత్రుల్ని చంపుతూనే ఉంటుంది.

మీ చేతిలో ఉన్నది బూజు మందులు, అంటే పురుగును చంపే బూజుతో చేసినవి. బవేరియా గానీ లెకానిసిలియం గానీ లీటరుకు 5 గ్రాములు, సూర్యుడు దిగాక, కర్టెన్లు దించి రాత్రంతా తేమ నిలిచేలా. గాలిలో తేమ 70 శాతం లేకపోతే బూజు మొలవదు, డబ్బులు దండగ. శిలీంధ్రనాశని కొట్టిన వారంలోపు కొట్టొద్దు, అదే పంపులో కడగకుండా పోయొద్దు. ఫ్రిజ్ లేని దుకాణంలో అలమారా మీద ఎండలో ఉన్న ప్యాకెట్టు ఎంత చవకైనా వదిలేయండి, తయారీ తేదీ చూడండి. స్పైనోసాడ్ రెండో పిచికారీకి, సయాంట్రనిలిప్రోల్‌కు మధ్య వారంలో ఇది సరిగ్గా ఇముడుతుంది. మట్టిలోని కోశాలకు: నడకదారుల్లో వేపపిండి 100 కిలోలు చల్లి తడపండి. మల్చింగ్ షీటు బెడ్డును కప్పింది సరే, సాళ్ల మధ్య ఉత్త మట్టి ఉందా? ఉంటే రాలిన పురుగుకు అదే పరుపు. అక్కడ కలుపు షీటు పరిస్తే మేలు.

రెండో_తలుపు

పంట అయిపోయేటప్పుడు చేయాల్సింది ఇప్పుడే రాసి పెట్టుకోండి, అప్పటికి మరిచిపోతారు. మొక్కలు పీకకముందు, కర్టెన్లు మూసి, చివరి మందు కొట్టాలి. పచ్చిగా పీకితే తెల్లదోమ, తామర పురుగు లేచి పక్క పాలీహౌస్‌కు పోతాయి. తర్వాత మొక్కలు తీసి, లోపల గడ్డి పరక లేకుండా చేసి, ఏప్రిల్, మే ఎండలో మూడు వారాలు మొత్తం మూసేయండి. తినడానికి ఏమీ లేక, ఆ వేడికి మిగిలినవి పోతాయి. బెడ్డు తడిపి పారదర్శక పాలిథిన్ షీటు 25–50 మైక్రాన్లది అంచులు పూడ్చి 4–6 వారాలు కప్పితే నులిపురుగుకు కూడా మందు. తర్వాతి నారు ప్రోట్రేల్లో వచ్చినప్పుడు ప్రతి ట్రే నుంచి నాలుగు చిగుర్లు భూతద్దం కింద చూశాకే లోపలికి తీసుకోండి. నల్లి చాలాసార్లు నారుతోనే వస్తుంది.

ఇప్పటి పంటకు: స్పైనోసాడ్ కొట్టిన మూడో రోజు పువ్వు దులిపినప్పుడు ఏం పడుతున్నాయో, ఏ సాలులో పడుతున్నాయో రాయండి. తలుపు దగ్గర సాళ్లలో మాత్రమే రెక్కల నల్లవి పడుతుంటే బయటి నుంచి వస్తున్నాయి, మందు పెంచొద్దు, తలుపు చూడండి. నడిమి సాళ్లలో పసుపు రంగు, రెక్కల్లేని పిల్లలు కనిపిస్తే లోపలే పుడుతున్నాయి, అప్పుడు రెండో పిచికారీ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. ఆ లెక్క ఇక్కడ పెడితే తర్వాతిది చెప్తాం.